ఐరోపా బృందయాత్ర: రైలుబండియా, అద్దె మోటారుకారా?



తెలుగువారికి దూరప్రయాణములు క్రొత్తవి గావు. మదరాసు సుప్రీముకోర్టునందు ఉద్యోగిగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు సెలవు తీసికొని, 1830 మే 18వ తేదీన మదరాసునుండి బయలుదేరి, సుమారు నూరుగురు పరివారముతో కాశీయాత్ర చేసి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. పల్లకీలు, బోయీలు, డేరాలు వెంటనుండగా సాగిన ఆ ప్రయాణమును గూర్చి వారు వ్రాసిన ‘కాశీయాత్రచరిత్ర’లో మజిలీలు, బసలు, నీటివసతి, అంగళ్ళు మున్నగువానిని గూర్చిన సంగతులు పెక్కు కలవు. ఆ 1830వ సంవత్సరముననే సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండులో లివర్‌పూలు, మాంచెస్టరు నగరములను కలుపు రైలుమార్గము ప్రారంభమయ్యెను. 1886లో జర్మనీదేశమున కార్ల్ బెంజ్ తన మోటారువాహనమునకు పేటెంటు పొందెను. నేడు బృందముగా ఐరోపాకు పోదలచిన తెలుగు కుటుంబమునకు ఈ రెండింటిలో దేనిని ఎన్నుకొనవలెనన్న ప్రశ్న తప్పక ఎదురగును.

ఈ ప్రశ్న పైకి చిన్నదిగా కనబడును గాని, దానివెనుకనున్న బరువు చిన్నది గాదు. కేంద్రప్రభుత్వోద్యోగులకు లభించు ఎల్.టి.సి. సౌకర్యము భారతదేశములోని ప్రదేశములకే పరిమితము. కావున ఐరోపా యాత్రకగు వ్యయమంతయు ఉద్యోగి తన సొమ్ములోనుండి భరింపవలసినదే. సెలవు లెక్కపెట్టిన దినములే. స్వంతపనిపై విదేశమునకు పోవుటకు కార్యాలయమువారి అనుమతి ముందుగా పొందవలెను. పెక్కు కుటుంబములలో ఇట్టి యాత్ర జీవితమున ఒక్కమారు జరుగునది. పదవీవిరమణ చేసిన తలిదండ్రులను, బడిసెలవులలోనున్న పిల్లలను, తోబుట్టువులను వెంటబెట్టుకొని పోవునది. పదునైదు దినముల యాత్రలో రెండు దినములు వ్యర్థమైనచో అవి తిరిగి రావు. అంతకు మించి, అలసటచే ఒకరిపై ఒకరికి కలిగిన విసుగు ఇంటికి వచ్చిన పిమ్మట గూడ కొంతకాలము నిలిచియుండును.

సాధారణముగా ఈ ప్రశ్నకు రెండు తొందరపాటు సమాధానములు వినబడుచుండును. “ఐరోపాలో రైళ్ళు దివ్యముగా నుండును, మరి వేరు ఆలోచన యెందుకు?” అని కొందరందురు. “ఐదారుగురము ఉన్నాము గదా, కారు తీసికొన్నచో ఖర్చు కలిసివచ్చును” అని మరికొందరందురు. రెండింటియందును సత్యము కొంత కలదు. కాని రెండింటిలోను లోపమొక్కటే. ముందు వాహనమును నిర్ణయించుకొని, పిదప దానికి తగినట్లు మార్గమును వంచుట సరియైన క్రమము గాదు. ఏ ఊళ్ళు చూడదలచితిమి, వెంట వచ్చువారెవరు అన్న రెండు విషయములు తేలినపిమ్మటనే వాహనము సంగతి రావలెను.

మొదట రైలు సంగతి పరిశీలింతము. మహానగరములనుండి మహానగరములకు పోవుటకు ఐరోపాలో రైలును మించినది లేదు. 1981లో ఫ్రాన్సుదేశమున పారిస్, లియాన్ నగరములనడుమ తొలి టి.జి.వి. బండ్లు నడచినవి. నాటినుండి అతివేగపు రైలుమార్గములు ఆ ఖండమున విస్తరించినవి. నేడు పారిస్ నుండి లియాన్‌నకు సుమారు రెండు గంటలు, మిలాను నుండి రోమునకు సుమారు మూడు గంటలు, మాడ్రిడ్ నుండి బార్సిలోనాకు రెండున్నర గంటలకు పైబడి పట్టును. 1994లో తెరవబడిన సముద్రగర్భపు సొరంగముగుండా లండను నుండి పారిస్‌నకు రమారమి రెండుంబావు గంటలలో చేరవచ్చును. ఈ దూరములను కారులో దాటవలెనన్న ఇంతకు రెట్టింపు కాలము, కొన్నియెడల అంతకంటె నెక్కుడు కాలము గడచును. పైగా రైలు ఊరి నడిబొడ్డున దింపును. దిగినచోటనే ట్రామ్ గాని, భూగర్భరైలు గాని దొరకును.

కొన్ని ఊళ్ళకు కారు ఉండియు ప్రయోజనము లేదు. స్విట్జర్లండులోని జెర్మాట్ గ్రామమునకు యాత్రికుల కార్లు రానీయరు. వాటిని ఐదు కిలోమీటర్ల ఇవతల టెష్ అను ఊరిలో నిలిపి, అచ్చటినుండి చిన్నరైలులో పోవలసినదే. వెంగెన్, మ్యూరెన్ గ్రామములును కార్లు లేని ఊళ్ళే. సముద్రమట్టమునకు 3454 మీటర్ల యెత్తున నున్న యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషనునకు 1912 నుండియు రైలే దారి. ఇటలీలోని వెనిసు నగరమున కార్లు పియాజాలే రోమా అను అంచుప్రదేశముననే ఆగిపోవును; కాని సాంటా లూచియా రైలుస్టేషను మెట్లు దిగినంతనే పెద్దకాలువ ఎదుట నిలుచును. ఇట్టి ఊళ్ళే యాత్రలో ముఖ్యములైనచో, అద్దెకారు దినముల తరబడి సొమ్ము చెల్లించి నిలువయుంచిన వస్తువగును.

అయినను రైలుప్రయాణమునకు దాని కష్టములు దానికున్నవి. మన స్టేషనులలో ఎర్రచొక్కాల కూలీలు ఎదురువత్తురు. అచ్చట అట్టివారు దొరకుట అరుదు. ఎవరి పెట్టె వారే యెత్తుకొనవలెను. బండి మధ్యస్టేషనులో ఒకటి రెండు నిమిషములే ఆగును. ఫ్రాన్సులో టి.జి.వి. తలుపులు బయలుదేరుటకు రెండు నిమిషములు ముందే మూసివేయుదురు. స్విట్జర్లండులో 1982 నుండి దేశమంతటికి ఒక్క క్రమములో గంటగంటకు బండ్లు నడుపు కాలపట్టిక అమలులోనున్నది. అందుచే ఒక బండి దిగి మరియొకటి ఎక్కుటకు ఏడెనిమిది నిమిషములే వ్యవధి యుండుట సామాన్యము. ముప్పదేండ్లవానికి ఆ వ్యవధి చాలును. మోకాళ్ళనొప్పిగల తల్లికి, చంటిబిడ్డ నెత్తుకొన్న కోడలికి, ఇరువదియైదు కిలోల పెట్టెతో అది చాలదు. కావున రైలులో పోదలచిన బృందము మనిషికొక చిన్న చక్రములపెట్టెకు మించి తీసికొనిపోరాదు. బండి మారుటలు దినమునకొకటికి మించకుండ చూచుకొనవలెను. నడువలేని పెద్దలకు స్టేషనులో సహాయము ముందుగా కోరినచో రైల్వేవారు ఏర్పాటు చేయుదురు. దానికి కనీసము ఒక దినము ముందుగా తెలుపవలెను.

టిక్కెట్ల సంగతి కొంత విడమరచి తెలిసికొనవలెను. ఐరోపాలో నివాసములేని యాత్రికులకొరకు 1959లో యూరైల్ పాసు ప్రవేశపెట్టబడినది. నేడు అది 33 దేశములలో చెల్లును. నాలుగునుండి పదునొకండేండ్లవరకు గల పిల్లలను పెద్దలొక్కొక్కరు ఇద్దరి చొప్పున ఉచితముగా వెంట తీసికొనిపోవచ్చును. అరువదేండ్లు నిండినవారికి కొంత తగ్గింపు కలదు. అయితే పాసు చేతనున్నంతమాత్రమున ఏ బండినైనను ఎక్కవచ్చునని తలచుట పొరపాటు. ఫ్రాన్సు, ఇటలీ, స్పెయిను దేశముల అతివేగపు బండ్లలోను, లండనునకు పోవు యూరోస్టార్‌లోను సీటు రిజర్వేషను వేరుగా సొమ్ము చెల్లించి పొందవలెను. పాసుగలవారికి కేటాయించు సీట్లు యూరోస్టార్ వంటి బండ్లలో పరిమితము. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లండులలో చాల బండ్లకు రిజర్వేషను నిర్బంధము లేదు. పాసు లేకుండ ఏ టిక్కెట్టు కాటిక్కెట్టు కొనువారికి, అతివేగపు బండ్ల ధరలు విమానపు ధరలవలె దినము సమీపించినకొలది పెరుగుచుండును. కొన్నినెలల ముందు కొన్నవారికి లాభము; ఆనాడు కొన్నవారికి నష్టము.

బృందములకు అనుకూలమైన టిక్కెట్లును కలవు. జర్మనీలోని బవేరియా రాష్ట్రమున బయర్న్-టికెట్ అను ఒక్క దినపు టిక్కెట్టుపై ఐదుగురివరకు ప్రాంతీయపు బండ్లలో తిరుగవచ్చును. పనిదినములలో అది ఉదయము తొమ్మిది గంటలనుండి చెల్లును. మ్యూనికు నుండి ఫ్యూసెన్ వరకు రెండు గంటలు రైలులో పోయి, అచ్చటినుండి బస్సులో నోయిష్వాన్‌స్టయిన్ కోట అడుగుభాగమునకు చేరుటకు ఈ టిక్కెట్టు ఐదుగురికి చాలును. స్విట్జర్లండులో స్విస్ ట్రావెల్ పాసుగలవారు రైలు, బస్సు, పడవ, నగరపు ట్రామ్‌లను కూడ వాడుకొనవచ్చును. తలిదండ్రులతో పోవు పదునారేండ్లలోపు పిల్లలకు టిక్కెట్టు లేదు. ఇట్టి వివరములు చూచుకొనక, తలకొక టిక్కెట్టు చొప్పున లెక్కవేసి రైలు ఖరీదెక్కువయని నిర్ణయించుట తగదు.

ఇక కారు సంగతి. రైలు పోనిచోట కారే శరణ్యము. ఐస్‌లండు దేశమున ప్రజలు ప్రయాణించు రైలుమార్గమే లేదు. ఆ దీవిని చుట్టివచ్చు సుమారు 1300 కిలోమీటర్ల రహదారిపై కారుననే పోవలెను. ఇటలీలోని టస్కనీ కొండలపై పియెంజా, మాంటల్చీనో వంటి చిన్న ఊళ్ళు, ఫ్రాన్సులోని ప్రొవాన్సు ప్రాంతపు గ్రామములు, ఐర్లండు పడమటి తీరము, స్కాట్లండు ఉత్తరపు కొండలు—ఇవి కారులో చూడదగినవి. బస్సు దినమునకు రెండుమారులే వచ్చు ఊరిలో, తలచినప్పుడు ఆగి, తలచినప్పుడు బయలుదేరగల స్వేచ్ఛకు విలువ కట్టలేము. పెట్టెలు ఎత్తిదించు బాధ దినమునకొక్కసారికి తగ్గును. పిల్లలకు పాలసీసా, పెద్దలకు మందులసంచి చేతికందునట్లు ఉండును.

అయితే ఈ సుఖమునకు మూల్యము చెల్లించువాడొకడు కలడు. అతడు కారు నడపువాడు. ఐరోపా ప్రధానభూభాగమున వాహనములు రహదారికి కుడివైపున నడచును. బ్రిటను, ఐర్లండు, మాల్టా, సైప్రసు దేశములలో మాత్రమే మనవలె ఎడమవైపు. స్వీడను దేశము 1967 సెప్టెంబరు 3వ తేదీన ఎడమనుండి కుడికి మారినది. ఆ మార్పునకు ఆ దేశము నాలుగేండ్లు సన్నాహము చేసికొనవలసివచ్చెను. ఒక దేశమునకు నాలుగేండ్లు పట్టిన అభ్యాసము, విమానము దిగిన యాత్రికునికి ఒక్క గంటలో వచ్చునని తలచుట సాహసము. రాత్రియంతయు విమానములో నిద్రలేక దిగి, ఆ ఉదయమే పరాయి రహదారిపై స్టీరింగు పట్టుట ఎంతమాత్రము మంచిది గాదు. ఒకరాత్రి విశ్రమించి, మరునాడు నెమ్మదియైన దారిలో ప్రారంభించుట మేలు. అచ్చటి అద్దెకార్లలో చేతిగేరు బండ్లు చాల. ఆటోమాటిక్ బండి కావలెనన్నచో ముందే అడిగి, కొంత ఎక్కువ చెల్లించి తీసికొనవలెను.

కొన్ని పత్రములును అవసరము. మన డ్రైవింగు లైసెన్సుతోబాటు అంతర్జాతీయ డ్రైవింగు అనుమతిపత్రమును స్వదేశములోని రవాణాకార్యాలయమున పొంది వెంటనుంచుకొనవలెను. అది ఒక సంవత్సరము చెల్లును. అసలు లైసెన్సు లేనిదే దానికి విలువ లేదు. అద్దెసంస్థలు నడపువాని పేరిటనున్న క్రెడిట్ కార్డుపై కొంత సొమ్ము నిలువబెట్టుదురు. తండ్రి నడుపుచు కొడుకు కార్డు చూపినచో కొన్నిచోట్ల బండి ఇయ్యరు. నడపువారిద్దరైనచో ఇద్దరి పేర్లును ఒప్పందములో వ్రాయించవలెను. లేనిచో ప్రమాదము జరిగినప్పుడు భీమా వర్తింపదు. పొట్టిపిల్లలకు ప్రత్యేకపు ఆసనము చట్టరీత్యా ఆవశ్యకము. దేశమునుబట్టి 135 లేక 150 సెంటీమీటర్ల యెత్తు వచ్చువరకు ఆ నియమము వర్తించును. బండిని ఏ దేశములకు కొనిపోవచ్చునో, ఒకదేశములో తీసికొని మరియొకదేశములో అప్పగించుటకు రుసుమెంతయో సంతకమునకు ముందే విచారింపవలెను. ఆ రుసుము కొన్నిసార్లు అద్దెతో సమానముగా నుండును.

నగరములలోనికి కారు తీసికొనిపోవువారు మరికొన్ని విషయములు గమనింపవలెను. ఇటలీలోని ఫ్లారెన్సు, రోము, పీసా మున్నగు పాతనగరముల నడిబొడ్డు జెడ్.టి.ఎల్. అను నిషిద్ధమండలము. అచ్చట పోలీసు నిలిచి ఆపడు. కెమేరా నంబరు తీసికొనును. నెలలు గడచినపిమ్మట అద్దెసంస్థ మొదట తన కాగితపు ఖర్చు క్రింద కొంత సొమ్ము వసూలుచేయును, పిదప జరిమానాపత్రము ఇంటికి వచ్చును. దారి తప్పి నాలుగుమారులు ఆ గీత దాటినచో జరిమానాలును నాలుగే. లండను నగరమున 2003 నుండి రద్దీరుసుము అమలులోనున్నది. స్విట్జర్లండు రాజమార్గములపై పోవుటకు సంవత్సరమంతటికి చెల్లు 40 ఫ్రాంకుల ముద్రిక కావలెను. రెండు దినములు పోయినను అంతయే. ఆస్ట్రియాలో తక్కువ దినములకును దొరకును. ఫ్రాన్సు, ఇటలీ రాజమార్గములలో దూరమునుబట్టి సుంకము చెల్లింపవలెను. పట్టణములలో కారు నిలుపుటకు దినమునకగు రుసుము ఒక్కొక్కప్పుడు ఒకపూట భోజనపు ఖర్చును మించును.

బృందము సంఖ్య కూడ నిర్ణయమునందు ముఖ్యము. ఇద్దరు ముగ్గురైనచో రైలు సాధారణముగా చౌకయగును. నలుగురైదుగురైనచో, గ్రామప్రాంతములలో కారు చౌకయగుటకు అవకాశము కలదు. ఆరుగురు దాటినప్పుడు చిక్కు మొదలగును. అచ్చట సాధారణ కారు లైసెన్సుతో నడపగల వ్యాను నడపువానితోగూడ తొమ్మిదిమందికి పరిమితము. కాని తొమ్మిదిమంది కూర్చున్నచో తొమ్మిది పెట్టెలకు చోటుండదు. ఏడుగురికిమించి సామానుతో వ్యాను ఎక్కుట కష్టము. రెండు కార్లు తీసికొన్నచో అద్దె, సుంకము, నిలుపుడు రుసుము అన్నియు రెట్టింపగును. నడపువారును ఇద్దరు కావలెను. ఒక కారు వెనుకబడినప్పుడెల్ల రెండవది ఆగవలెను. పదిమందికి మించిన బృందమునకు రైలు గాని, డ్రైవరుతోగూడిన బస్సు గాని తప్ప మరియొకటి యోగ్యము గాదు.

ఖర్చులెక్క వేయునప్పుడు కొలతలు రెండును సమానముగా నుండవలెను. రైలు ఖర్చు తలనుబట్టి పెరుగును. కారు ఖర్చు బండినిబట్టి యుండును. కావున కారుపక్షమున అద్దె నొక్కదానినే వ్రాయక, భీమా, ఇంధనము, రాజమార్గపు సుంకము, నిలుపుడు రుసుము, పిల్లల ఆసనము, రెండవ డ్రైవరు రుసుము, పరాయియూరిలో అప్పగించు రుసుము—ఇన్నియు కలిపి తలలచే భాగింపవలెను. అట్లే రైలుపక్షమున టిక్కెట్లతోబాటు రిజర్వేషను రుసుమును, స్టేషనునుండి బసకు టాక్సీ ఖర్చును కలుపవలెను. స్టేషనుసమీపపు బసకు ధర ఎక్కువ, ఊరివెలుపలి బసకు ధర తక్కువ, అదియు లెక్కలోనిదే. కాగితముపై రెండు వరుసలుగా వ్రాసి చూచినప్పుడు, అనుకొన్నదానికి విరుద్ధమైన ఫలితము వచ్చుట అరుదు గాదు.

ఉదాహరణమునకు ఏడుగురు సభ్యులుగల ఒక కుటుంబమును ఊహింతము. అరువదియైదేండ్లు దాటిన తలిదండ్రులు, కొడుకు, కోడలు, ఎనిమిది, పదేండ్ల పిల్లలిద్దరు, ఒక మేనత్త. పారిస్, ఇంటర్‌లాకెన్, వెనిసు, ఫ్లారెన్సు, రోము చూడవలెనని వారి సంకల్పము. ఈ మార్గమంతయు వ్యానులో పోదలచినచో, పారిస్‌లోను, వెనిసులోను, రోములోను వ్యాను ఊరకయే నిలిచియుండును. ఫ్రాన్సులో తీసికొన్నదానిని ఇటలీలో అప్పగించినందులకు రుసుము వేరు. ఆల్ప్సు పర్వతమార్గములను కొడుకొక్కడే నడపవలెను. రైలులోనైతే పారిస్ నుండి బాసెల్‌నకు మూడు గంటలు, అచ్చట మారి ఇంటర్‌లాకెన్‌నకు రెండు గంటలు. అచ్చటినుండి స్పీజ్‌లోను, మిలానులోను బండి మారి ఆరు గంటలకు పైబడి వెనిసు చేరవచ్చును. ఈ ఒక్కదినమే కఠినము, కావున మిలానులో ఒకరాత్రి ఆగుట మేలు. వెనిసు నుండి ఫ్లారెన్సునకు రెండుంబావు గంటలు, అచ్చటినుండి రోమునకు గంటన్నర. పిల్లలిద్దరికి పాసులో టిక్కెట్టు లేదు.

అయితే ఈ కుటుంబము టస్కనీ కొండల ఊళ్ళు చూడక మానవలసిన పని లేదు. ఫ్లారెన్సులో మూడురాత్రులు బసచేసి, పెట్టెలు బసలోనే ఉంచి, నగరపు వెలుపలనున్న విమానాశ్రయమునకు ట్రామ్‌లో పోయి, అచ్చట రెండు దినములకు వ్యాను అద్దెకు తీసికొనవచ్చును. నిషిద్ధమండలములోనికి పోవలసిన అవసరముండదు. సామాను లేదు గనుక ఏడుగురును సుఖముగా కూర్చుందురు. శాన్ జిమిన్యానో ఊరికి రైలుస్టేషను లేదు. సమీపపు స్టేషను పోజ్జిబోన్సిలో దిగి బస్సెక్కవలెను. వ్యాను ఉన్నప్పుడు ఆ బాధ లేదు. కొడుకునకు నడుపుట ఇష్టము లేనిచో, డ్రైవరుతోగూడిన వ్యానును ఒక దినమునకు కుదుర్చుకొనవచ్చును. నగరములకు రైలు, పల్లెలకు కారు అన్న ఈ మిశ్రమపద్ధతియే బృందములలో ఎక్కువమందికి సరిపడును.

ఇట్టి యేర్పాటు వీసా పనికిని తోడ్పడును. షెంగెన్ ఒప్పందములో నేడు 29 దేశములు కలవు. ఎక్కువ దినములుండు దేశపు కార్యాలయమున దరఖాస్తు పెట్టవలెను. బ్రిటనుకును, ఐర్లండుకును వీసా వేరు. మార్గము మొదటనే నిశ్చయమైనచో ఏ దేశమున ఎన్ని రాత్రులో తేలును, దరఖాస్తు సుగమమగును. కాని వీసా చేతికి వచ్చువరకు రద్దుచేసికొన వీలులేని టిక్కెట్లు కొనుట క్షేమము గాదు. కొంత ధర హెచ్చైనను, రద్దు చేసికొనదగిన టిక్కెట్టు మంచిది.

సమ్మెలను, ఆలస్యములను గూర్చియు తెలిసియుండవలెను. ఫ్రాన్సు, ఇటలీ దేశములలో రైల్వేసమ్మెలు అప్పుడప్పుడు జరుగును. సాధారణముగా ముందే ప్రకటింతురు. ఇటలీలో పనిదినములందు సమ్మె జరిగినను ఉదయము ఆరునుండి తొమ్మిదివరకు, సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు కొన్ని ప్రాంతీయపు బండ్లు తప్పక నడుపుదురు. ఐరోపా సమాఖ్య నియమముల ప్రకారము బండి గంట ఆలస్యమైనచో టిక్కెట్టు ధరలో నాలుగవవంతును, రెండు గంటలైనచో సగమును, కొన్ని మినహాయింపులకు లోబడి, తిరిగి కోరవచ్చును. స్వదేశమునకు విమానమెక్కు దినమున మాత్రము రైలునైనను, కారునైనను నమ్మి దూరపుటూరినుండి బయలుదేరరాదు. ముందురాత్రియే విమానాశ్రయపు నగరమునకు చేరియుండుట వివేకము.

చివరి విషయము లెక్కలకు సంబంధించినది గాదు, మనుష్యులకు సంబంధించినది. రైలుప్రయాణమున భారమంతయు పెట్టె మోయలేనివారిపై పడును. కారుప్రయాణమున భారమంతయు నడపువానిపై పడును. మొదటివారి కష్టము అందరికి కనబడును. రెండవవాని కష్టము కనబడదు. కిటికీలోనుండి తక్కినవారు సరస్సును చూచి ఆనందించుచుండగా అతడు రహదారినే చూచుచుండును. దారి తప్పినప్పుడు మాట పడునది అతడే. సాయంకాలము అందరును షికారు పోదమన్నప్పుడు నిద్రించునది అతడే. ఐరోపాలో లారీలు, బస్సులు నడుపువారు నాలుగున్నర గంటలు నడపిన పిమ్మట ముప్పావుగంట తప్పక విశ్రమింపవలెనని శాసనము కలదు. వృత్తిగా నడుపువానికే ఆ నియమముండగా, సెలవుపై వచ్చిన గుమాస్తా దినమునకు ఎనిమిది గంటలు నడుపవలెనని కుటుంబము ఆశించుట న్యాయము గాదు. నడపువారిద్దరు లేనిచో దినమునకు మూడు గంటలకు మించిన కారుప్రయాణము పెట్టుకొనరాదు.

కాబట్టి బయలుదేరుటకు ముందు కుటుంబమంతయు ఒకచోట కూర్చుండి మాటలాడుకొనుట ఉచితము. మెట్లెక్కలేనివారెవరు, కారులో తల తిరుగువారెవరు, నడుపువారు నిజముగా ఇష్టపడియే నడుపుచున్నారా, లేక మొగమాటమునకు ఒప్పుకొనిరా—ఈ ప్రశ్నలు ఇంటనే అడుగవలెను. పెద్దలు సాధారణముగా “మాకేమి, మీ ఇష్టము” అందురు. ఆ మాటను అంగీకారముగా తీసికొనక, వారు నాలుగు మెట్లు పెట్టెతో ఎక్కగలరో లేదో చూచి నిర్ణయింపవలెను. బృందములో మిక్కిలి అశక్తునకు అనువైన వాహనమే ఆ బృందమునకు సరియైన వాహనము. అతనికి అనువైనది తక్కినవారికి కొంత నెమ్మదిగా తోచవచ్చును, కొంత ఖర్చు కావచ్చును. కాని అందరును కలిసి పోయి, అందరును చూచి, అందరును సంతోషముగా తిరిగివచ్చుట దానివలననే సాధ్యము.

సంఘసభ్యులు చేయదలచిన యాత్రలన్నియు నిర్విఘ్నముగా జరుగుగాక. శుభమస్తు.